అద్దపు పలక, కాగితపు పటం

క్రిందటి నెల ఈ పుటలో మా యింటి అటక మీది పాత ఉత్తరాల పెట్టె సంగతి వ్రాశాము. అది చదివి మా అప్పగారు, "ఉత్తరాల మాట సరేలే, మా వాడి విమానం సంగతి ఎప్పుడు వ్రాస్తావురా?" అని నిలదీసింది. ఈ నెల ఆ బాకీ తీర్చుకుంటున్నాము. విమానం అనగానే చదువరులు పుట తిప్పివేయవద్దు. మేము ఆఫీసులో గుమాస్తాగిరీ వెలగబెట్టే వాళ్లము; చదివినది మెట్రిక్యులేషను. మా తలకెక్కినంత మట్టుకే వ్రాస్తాము. మాకు ఎక్కినది మీకు ఎక్కకపోదు.

మా మేనల్లుడు బరంపురంలో పుట్టి, ఇంట్లో తెలుగూ వీధిలో ఒడియా మాట్లాడుతూ పెరిగి, ఇప్పుడు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవు దినాలలో చిన్న విమానం నడపడం నేర్చుకుని లైసెన్సు కూడా పుచ్చుకున్నాడు. మొన్న దసరాకు ఇంటికి వచ్చినప్పుడు సంచిలోనుంచి ఒక టాబ్లెట్ తీసి అందరికీ చూపించాడు. మన చిన్ననాటి పలకంత ఉన్నది. వేలితో తాకగానే రంగురంగుల పటం ఒకటి తెరుచుకున్నది. కొండలు, నదులు, రోడ్లు, రైలుపట్టాలు, విమానాశ్రయాలు అన్నీ అందులో ఉన్నవి. "ఆకాశంలో నాకు దారి చూపేది ఇదే మామయ్యా. కాగితపు పటాల కట్ట మోయనక్కరలేదు" అన్నాడు.

మా అప్పగారు ఆ ప్రక్కనే కూర్చుని దీపానికి వత్తులు చేసుకుంటున్నది. తల ఎత్తకుండానే అడిగింది: "నా ఫోను మధ్యాహ్నం మూడు గంటలకల్లా కళ్లు మూస్తుంది. ఇదీ ఆ జాతి సరుకే గదా. నువ్వు పైన ఉండగా ఇదీ కళ్లు మూస్తే ఏం చేస్తావు? అక్కడ అడగడానికి దారిన పోయే దానయ్యైనా ఉండడు గదరా!"

అందరూ నవ్వారు. మేనల్లుడు మాత్రం నవ్వలేదు. అది మేము కనిపెట్టాము. ఎందుకు నవ్వలేదో చివర చెబుతాము. ముందు ఈ పటాల కథ కొంత తెలుసుకుందాము.

విమానాలు వచ్చిన క్రొత్తలో వాటికంటూ వేరే పటాలు లేవు. అమెరికాలో టపా మోసే పైలట్లు రైలుపట్టాలు చూచుకుంటూ, నదులూ ఊళ్లూ పోల్చుకుంటూ పోయేవారు. 1920 దశకంలో అక్కడి ప్రభుత్వం టపా విమానాల దారి పొడుగునా దీపాల స్తంభాలు నిలిపి, వాటి మొదట్లో నేల మీద కాంక్రీటుతో పెద్ద పెద్ద బాణం గుర్తులు కట్టించింది. పైనుంచి చూచి బాణం చూపిన వైపు పోవడమే. 1926లో విమానయానానికి చట్టం చేసిన తరువాత, పటాలు తయారుచేసే పని సర్వే శాఖకు వచ్చింది. 1927లో కాన్సాస్ సిటీ నుంచి మొలీన్ వరకు పోయే దారికి బద్దలాంటి సన్నని పటం ఒకటి అచ్చయింది. 1930లో షికాగో ప్రాంతానికి పెద్ద పటం వచ్చింది. నేటికీ చిన్న విమానాల వారు వాడే పటాలకు అదే మూలపురుషుడు.

ఈ మధ్యలో ఒక మనిషిని తలచుకోకపోతే తప్పవుతుంది. ఆయన పేరు ఎల్రీ జెప్పెసన్. టపా విమానం నడిపేవాడు. తోటివారు ఒక్కొక్కరే మంచులోనూ కొండలలోనూ చిక్కి ప్రాణాలు పోగొట్టుకోవడం కళ్లారా చూచాడు. పది సెంట్లు పెట్టి నల్ల అట్ట నోటుబుక్కు ఒకటి కొన్నాడు. ఏ కొండ ఎంత ఎత్తు, ఏ పొలంలో దిగవచ్చు, ఏ మైదానం ఎంత పొడుగు అన్నీ అందులో వ్రాసుకున్నాడు. ఎత్తు కొలిచే సాధనం చేతబట్టుకుని తానే కొండలెక్కి కొలుచుకున్నాడట. దారిలో ఉన్న రైతుల టెలిఫోను నంబర్లు కూడా వ్రాసుకున్నాడు. బయలుదేరేముందు ఫోను చేసి, మీ ఊళ్లో మబ్బు పట్టిందా అని అడగడానికి. తోటి పైలట్లు ఆ పుస్తకం మాకూ కావాలన్నారు. 1934లో దానిని ప్రతులు తీయించి పది డాలర్లకు అమ్మడం మొదలుపెట్టాడు. తరువాత అది పెద్ద సంస్థ అయింది. డెన్వర్ నగరపు విమానాశ్రయ భవనానికి ఇప్పుడు ఆయన పేరే. ఒక గుమాస్తాకు ఈ కథ ఎందుకు నచ్చుతుందో చెప్పనక్కరలేదు. ఒక నోటుబుక్కు సరిగా వ్రాసుకున్నందుకు ఎందరి ప్రాణాలో నిలబడినవి.

ఇక ఆ పటం ఎట్లా ఉంటుందో చూద్దాము. మేనల్లుడు పాత కాగితపు పటం ఒకటి మాకు తెచ్చి ఇచ్చాడు. విప్పి పరిస్తే మా మంచం చాలలేదు. అసలు నేలను 5 లక్షల వంతున కుదించి గీసిన పటం అది. అనగా పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద 5 కిలోమీటర్లు. మన బరంపురం నుంచి గోపాలపురం సముద్రపు ఒడ్డు అందులో ఇంచుమించు మూడు సెంటీమీటర్లు ఉంటుంది, అంతే. కంట్రోలు టవరు ఉన్న విమానాశ్రయాలు నీలి రంగులో, లేనివి ముదురు గులాబీ రంగులో అచ్చువేస్తారు. పటమంతా గళ్లు గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిలో పెద్ద అంకె ఒకటి, దాని ప్రక్కన చిన్న అంకె ఒకటి వేస్తారు. పెద్ద 2, చిన్న 4 ఉంటే, ఆ గడిలో కొండగాని స్తంభంగాని ఎంత ఎత్తైనదైనా సముద్రమట్టానికి 2,400 అడుగులకు మించదని అర్థం. మబ్బులో చిక్కినవాడికి ఆ అంకె ప్రాణంతో సమానం.

అయితే కాగితానికి ఒక జబ్బు ఉన్నది. అది ముసలిదైనా చూడడానికి పడుచుగానే ఉంటుంది. క్రొత్తగా లేచిన టెలిఫోను స్తంభం, మూసివేసిన విమానాశ్రయం, మారిన రేడియో నంబరు పాత పటానికి తెలియవు. ఇదివరకు అమెరికాలో ఈ పటాలను చాలవరకు ఆరు నెలలకొకసారి క్రొత్తగా అచ్చువేసేవారు. 2021 నుంచి 56 రోజులకొకసారి మారుస్తున్నారు. అంటే ఏడాదిలో ఆరేడు మారులు. దూరప్రయాణం పోయేవాడు ప్రతిసారీ దారిలోని పటాలన్నీ కొనాలి, పాతవి పారవేయాలి. పారవేయడానికి చేయి రాక పాత పటంతోనే పోయిన పొదుపరులు కూడా ఉండేవారట. మా ఆఫీసులో పాత క్యాలెండరు గోడ మీదనే వ్రేలాడుతుండగా క్రొత్త సంవత్సరం గడిచిపోవడం మేమెరుగుదుము కనుక ఇది మాకు ఆశ్చర్యం కలిగించలేదు.

ఈ స్థితిలో అద్దపు పలక వచ్చింది. 2007లోనే అమెరికా విమానయాన శాఖ ఒక సలహా పత్రం వెలువరించి, సొంతంగా చిన్న విమానాలు నడుపుకునేవారు కాగితానికి బదులు ఎలక్ట్రానిక్ సాధనం వాడుకోవచ్చునని చెప్పింది. పెద్ద విమాన సంస్థలైతే ప్రభుత్వం దగ్గర అనుమతి పుచ్చుకోవాలి. చిన్న విమానం వాడు తన నిర్ణయం తానే చేసుకోవచ్చు. కాని షరతులున్నవి. పలకలోని సమాచారం ఆ నాటికి చెల్లుబాటయ్యేదై ఉండాలి. అది తీసివేసిన కాగితం చేసే పని అంతా తాను చేయగలగాలి. పనిలో పనిగా రెండవ ఆధారం ఒకటి దగ్గర ఉంచుకొనుమని హితవు కూడా చెప్పినారు. ఏది ఏమైనా, బయలుదేరేముందు ఆ ప్రయాణానికి సంబంధించిన సమాచారమంతా తెలుసుకొని ఉండడం పైలటు బాధ్యత అని చట్టం. పలక తప్పు చెప్పిందంటే చెల్లదు.

2010లో ఐప్యాడ్ బజారులోకి రాగానే ఈ మార్పు వరదలా వచ్చింది. అంతకు ముందు ఇలాంటి తెర విమానంలో బిగించాలంటే చేతి చమురు బాగా వదిలేది. ఇప్పుడు ఇంట్లో పిల్లలు బొమ్మలు చూచే పలకలోనే అమెరికా పటాలన్నీ పట్టినవి. పెద్ద సంస్థలూ అదే దారి పట్టినవి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు ఇదివరకు ఒక్కొక్కరు 16 కిలోల పుస్తకాల సంచి మోసేవారు. 2013లో దానిని తీసివేశారు. ఆ బరువు తగ్గినందుకే ఏడాదికి 4 లక్షల గాలన్ల ఇంధనం మిగులుతుందని ఆ సంస్థ లెక్క వేసింది.

పలకలోని సుగుణాలు నిజంగా గొప్పవే. కాగితపు పటం నీవెక్కడున్నావో చెప్పదు, నీవే పోల్చుకోవాలి. పలకలో ఉపగ్రహాల సాయంతో నీ విమానం చిన్న బొమ్మగా పటం మీద కదులుతూ కనబడుతుంది. ముందు కొండ ఉంటే ఎర్రరంగు వేసి హెచ్చరిస్తుంది. దిగబోయే విమానాశ్రయంలో ఏ దారి ఎటు పోతుందో చూపుతుంది. రాత్రివేళ దీని మేలు మరీ ఎక్కువ. ఇదివరకు కళ్లు చెదరకుండా ఎర్రదీపం వేసుకుని కాగితం చూచేవారు. ఎర్రవెలుగులో ఎర్రగీతలు కనబడవు గదా! పటంలో సగం మాయమయ్యేది. అద్దపు పలక తన వెలుగు తానే తెచ్చుకుంటుంది. క్రొత్త పటాలు కావాలంటే రాత్రి ఇంట్లో ఒక మీట నొక్కి పడుకుంటే తెల్లవారేసరికి వచ్చి కూర్చుంటవి.

మరి మా అప్పగారి ప్రశ్న? దానికీ ఆధారమున్నది. ఈ జాతి పలకలకు 35 డిగ్రీల వేడి వరకే పనిచేస్తామని తయారుచేసినవారే వ్రాసి ఇస్తారు. ఎండలో నిలబెట్టిన చిన్న విమానంలో, అద్దం క్రింద, 35 డిగ్రీలు ఒక లెక్కా? వేడెక్కితే పలక హెచ్చరిక ఒకటి చూపి తనంతట తాను చీకటైపోతుంది. బ్యాటరీ అయిపోవచ్చు. చేయి జారి కాళ్ల దగ్గర పడవచ్చు. ఆ కాళ్ల దగ్గరే విమానాన్ని త్రిప్పే తొక్కుడు పలకలుంటవి. కొన్ని రకాల చలువ అద్దాలు పెట్టుకుంటే తెర నల్లగా కనబడుతుంది. కొన్ని రకాల టాబ్లెట్లలో ఉపగ్రహాల సంకేతం అందుకునే భాగమే ఉండదు. వేరే పరికరం జోడించాలి. ఇంట్లో ఇంటర్నెట్ ఉన్నప్పుడు పటాలు దింపుకోవడం మరచి పైకి పోతే, అక్కడ ఇంటర్నెట్ ఉండదు, పటమూ ఉండదు. సైన్యం వారు పరీక్షలు చేసుకునే రోజులలో కొన్ని ప్రాంతాలలో ఉపగ్రహ సంకేతాలే సరిగా అందవని ముందుగా ప్రకటనలు వేస్తూ ఉంటారు.

ఇవన్నీ కంటికి కనబడే జబ్బులు. కనబడనిది ఇంకొకటి ఉన్నది. ఈ పలకల మీద వానమబ్బుల బొమ్మ కూడా వస్తుంది. ఎక్కడెక్కడ వాన పడుతున్నదో రంగులలో చూపుతుంది. ప్రక్కన 'ఇది ఇన్ని నిమిషాల క్రిందటిది' అని వ్రాసి ఉంటుంది. 2012లో అమెరికాలో ప్రమాదాలను విచారించే సంస్థ ఒక హెచ్చరిక చేసింది: ఆ వ్రాసిన నిమిషాలు బొమ్మను కూర్చిన నాటి నుంచి లెక్కగట్టినవే గాని, వానను చూచినప్పటి నుంచి కావు, అసలు వాన సమాచారం ఒక్కొక్కప్పుడు అంతకంటే 15 నుంచి 20 నిమిషాలు ఎక్కువ పాతదై ఉండవచ్చును. చిన్న విమానం నిమిషానికి 3 కిలోమీటర్లు పోతుంది. 20 నిమిషాలలో 60 కిలోమీటర్లు. బొమ్మలో ఖాళీగా కనబడిన సందులోకి దూరితే, ఆ సందులోకి మబ్బు ఎప్పుడో వచ్చి ఉంటుంది. అంటే అద్దపు పలకకూ కాగితం జబ్బే ఉన్నది. ముసలి సమాచారాన్ని పడుచుగా చూపించే జబ్బు. కాగితానికి నెలలలో వచ్చేది దీనికి నిమిషాలలో వస్తుంది, అంతే తేడా.

అన్నిటికంటె లోతైన జబ్బు పలకలో లేదు, మనిషిలో ఉన్నది. పోవలసిన దారిని తెర మీద ముదురు గులాబీ రంగు గీతగా చూపిస్తారు. దానిని మెజెంటా గీత అంటారు. ఆ గీత మీద బొమ్మ విమానాన్ని నిలిపితే చాలు, చేరిపోతాము. 1997లోనే వారెన్ వాండర్‌బర్గ్ అనే శిక్షకుడు పెద్ద విమానాల పైలట్లకు ఉపన్యాసమిస్తూ, గీతనే నమ్ముకుని విమానం నడపడం మరచిపోయేవారికి 'మెజెంటా పిల్లలు' అని పేరు పెట్టాడు. ఆ రోజులకు పలకలు లేవు. ఇప్పుడా గీత ప్రతి చిన్న విమానంలోకీ వచ్చింది.

మా మేనల్లుడికి ఆ పాఠం నేర్పినది అతని గురువు. ఒకనాడు ఇద్దరూ ఆకాశంలో ఉండగా గురువు మాటైనా చెప్పకుండా పలక తీసి బోర్లా పెట్టాడట. "ఇప్పుడు మనమెక్కడున్నాము?" అని అడిగాడు. అప్పటికి బయలుదేరి అరగంట అయింది. ఆ అరగంటా మావాడు పలకనే చూస్తున్నాడు గాని క్రిందికి చూడలేదు. క్రింద ఒక ఊరున్నది, చెరువున్నది, రెండు రోడ్లున్నవి. ఏవీ తెలియవు. "గీత మీదనే ఉన్నాము" అన్నాడు. "గీత ఎక్కడున్నది?" అన్నాడు గురువు. మావాడికి నోట మాట రాలేదు. ఆనాటినుంచి గురువు వారానికొక పాఠం కాగితపు పటంతో, గడియారంతో, పెన్సిలుతో చెప్పించాడు. లైసెన్సు పరీక్షలో కూడా క్రింది గుర్తులు పోల్చుకోవడం, వేగాన్నీ కాలాన్నీ బట్టి ఎంత దూరం వచ్చామో లెక్క కట్టడం ఇప్పటికీ అడుగుతారు.

ఇది మనకు తెలియని విద్యేమీ కాదు. గోపాలపురం పోయి మన తెలుగు జాలరులను అడగండి. చేపలు దొరికే చోటు సముద్రంలో వారికెట్లా తెలుస్తుంది? ఒడ్డున దీపస్తంభమూ, దాని వెనుక తాటితోపూ ఒక వరుసలోకి రావాలి. మరొక ప్రక్క కొండ కొనా, ఇంకొక గుర్తూ వరుసలోకి రావాలి. ఆ రెండు వరుసలూ కలిసిన చోటే వల వేస్తారు. ఇప్పుడు పడవలలో ఉపగ్రహ యంత్రాలు పెట్టుకుంటున్నారు. పెట్టుకోవలసినదే. కాని తాటితోపును చూడడం మానివేసిన కుర్రవాడు, యంత్రం ఆగిననాడు సముద్రంలో ఉంటాడు గాని ఎక్కడున్నాడో ఎరుగడు.

మా ఆఫీసు ముచ్చట కూడా ఒకటి మనవి చేస్తాము. ఏ ఆఫీసు అని అడుగవద్దు. మా లెడ్జర్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించిన క్రొత్తలో, ఎందుకైనా మంచిదని ప్రతిరోజూ ఒక నకలు తీసేవారు. ఆ నకలును అదే యంత్రంలో మరొక అరలో దాచేవారు. ఒకనాడు యంత్రం మూలపడింది. అసలూ నకలూ ఒకేసారి మూలపడినవి. ఆనాడే పల్లెనుంచి మొదటి బస్సుకు ఒక ముసలమ్మ వచ్చింది. చనిపోయిన భర్తకు రావలసిన సొమ్ము మంజూరైందా లేదా అని అడగడానికి రావడం అది మూడవసారి. మేము పాతకాలపు మనిషిమి కనుక మంజూరైన కాగితాల నంబరూ తేదీ పెన్సిలుతో ఒక నోటుబుక్కులో వ్రాసుకుంటూ ఉంటాము. దానికి తోటివారు నవ్వేవారు. ఆ బుక్కులో ఆమె భర్త పేరు దొరికింది. నంబరు చీటీ మీద వ్రాసి ఇచ్చి, నాలుగవసారి రానక్కరలేదమ్మా అని పంపించాము. అప్పటినుంచి మాకు ఒక సంగతి బోధపడింది. రెండు నకళ్లుంటే చాలదు. రెండూ ఒకే జబ్బుతో చావకూడదు.

మేనల్లుడు నవ్వకపోవడానికి కారణమూ ఇదే. ఆ రాత్రి అందరూ పడుకున్న తరువాత అరుగు మీద కూర్చుని చెప్పాడు. "అమ్మకు చెప్పకు మామయ్యా" అని మొదలుపెట్టాడు.

లైసెన్సు ఇచ్చే ముందు ప్రతివాడూ ఒంటరిగా 150 నాటికల్ మైళ్లు, అనగా 278 కిలోమీటర్లు, మూడు చోట్ల దిగుతూ తిరిగి రావాలని నియమం. ఇంచుమించు బరంపురం నుంచి విశాఖపట్నం పోయినంత. జూలై నెల, టెక్సాస్ ఎండ. మూడవ మజిలీకి బయలుదేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. పలకను ముందు అద్దానికి అతికించిన పట్టులో పెట్టుకున్నాడు. ఎండ నేరుగా దాని మీదనే పడుతున్నది. ఉన్నట్టుండి పలక హెచ్చరిక చూపి నల్లబడిపోయింది. రెండవ ఆధారంగా పనికివస్తుందనుకున్న ఫోను సంచిలో, సంచి వెనుక సీటులో ఉన్నది. దానికోసం వెనుకకు తిరిగితే విమానం ఎవరు పట్టుకుంటారు?

"గొంతు ఎండిపోయింది మామయ్యా. అమ్మ గుర్తుకు వచ్చింది" అన్నాడు.

మోకాలి మీద మడతపెట్టిన కాగితపు పటం ఉన్నది. దానిని ఆ ఉదయం ఇంట్లో వదలివేద్దామనుకుని, గురువు అడుగుతాడని భయపడి తెచ్చాడు. దాని మీద పెన్సిలుతో దారి గీసి ఉన్నది. ప్రక్కన కాగితం మీద ఏ గుర్తు దాటిన వేళ ఏదో వ్రాసి ఉన్నది. చివరి గుర్తు ఒక ఆనకట్ట. దాటినది 1 గంట 12 నిమిషాలకు. ఇప్పుడు 1 గంట 19. ఏడు నిమిషాలు. నిమిషానికి 3 కిలోమీటర్ల చొప్పున 21 కిలోమీటర్లు. పటం మీద నాలుగు సెంటీమీటర్లు దాటి కొంచెం. బొటనవ్రేలు అక్కడ పెట్టాడు. ఆ చోట పటంలో రైలుపట్టా పెద్ద రోడ్డును దాటుతున్నది. తల ఎత్తి బయటకు చూచాడు. రైలుపట్టా ఉన్నది, రోడ్డు ఉన్నది, కాని రెండూ కలిసే చోటు కుడిచేతి వైపు కొంచెం దూరంగా ఉన్నది. గాలి తనను రెండు మూడు కిలోమీటర్లు ఎడమకు నెట్టిందన్నమాట. అక్కడ నీళ్ల ట్యాంకు ఒకటి ఉన్నది. ఆ దేశంలో చాలా ఊళ్లలో ట్యాంకు మీద ఊరి పేరు పెద్ద అక్షరాలతో వ్రాస్తారు. ఆ పేరు చదువుకున్నాడు. పటంలో ఉన్న పేరే అది. "ఆ ట్యాంకును చూస్తే మన ఊరి స్టేషను బోర్డు చూచినట్టైంది" అన్నాడు. దిశ సవరించుకుని పోయి దిగాడు. పలక చల్లబడి మళ్లీ కళ్లు తెరిచేసరికి దానితో పని తీరిపోయింది.

"ట్యాంకు కనబడకపోతే?" అని అడిగాము.

"ఇంకా ఎత్తుకు ఎక్కుతాను, దూరం కనబడుతుంది. రేడియోలో పిలిచి, దారి తప్పానని సిగ్గుపడకుండా ఒప్పుకుంటాను. వాళ్లు రాడారులో నన్ను పట్టుకుని, ఎటు తిరగాలో చెబుతారు" అన్నాడు.

అంటే ఆకాశంలోనూ ఒక దానయ్య ఉన్నాడు. కాని అక్కడైనా ఇక్కడైనా, దారి తప్పామని నోరు విప్పి ఒప్పుకున్నవాడికే దానయ్య పలుకుతాడు.

ఇదంతా విని, పలక పారవేసి కాగితం పట్టుకొనుమని మేము అనబోవడం లేదు. మావాడు ఇప్పటికీ పలకతోనే పోతాడు. కాని పలకను ఎండ తగలని చోట బిగిస్తాడు, ముందురాత్రి పటాలు దింపుకుని తేదీ సరిచూస్తాడు, ఫోను చొక్కా జేబులో పెట్టుకుంటాడు, కాగితపు పటం మోకాలి మీద పెట్టుకుంటాడు. పావుగంటకొకసారి తెర చూడకుండా క్రిందికి చూచి, నేనెక్కడున్నానని తనను తాను అడుగుతాడు. ఆ ప్రశ్న అడిగేవాడి చేతిలో ఏ పటమున్నా ఫరవాలేదని మాకు తోచింది. అడగనివాడి చేతిలో ఎంత క్రొత్త పటమున్నా అది బొమ్మే.

విమానాలెక్కని మనబోటి సంసారులకు కూడా ఇందులో కొంత ఉన్నది. మీ ఇంట్లో పిల్లలను పిలిచి, ఫోను చూడకుండా అమ్మ నంబరు చెప్పమనండి. ఎందరు చెబుతారో చూడండి. ముఖ్యమైన నాలుగు నంబర్లు, వాడే మందుల పేర్లు ఒక కాగితం మీద వ్రాసి గోడకు అంటించడానికి పది నిమిషాలు పట్టదు.

అరుగు మీద చెప్పిన రహస్యం అచ్చులోకి ఎట్లా వచ్చిందని అడుగుతారు కాబోలు. మేనల్లుడి అనుమతి తీసుకుని, అచ్చుకు పంపేముందు ఈ వ్యాసం మా అప్పగారికి మేమే చదివి వినిపించాము. పలక నల్లబడిన చోటికి వచ్చేసరికి ఆమె వత్తులు చేయడం ఆపివేసింది. చివరివరకు మాట్లాడలేదు. మేము కళ్లజోడు తీసి, ఏమంటావప్పా అన్నాము.

"వాడి దగ్గర పెన్సిలు ఒకటే ఉన్నదా?" అన్నది.

"ఒకటే కాబోలు."

"దాని ములుకు విరిగితే?"

మర్నాడు బజారునుంచి ఒక డజను పెన్సిళ్లు, రెండు చెక్కుడు మరలు తెప్పించింది. ఎదురింటివారి అమ్మాయి వచ్చే నెల అమెరికా పోతున్నది. ఆమె చేత పంపిస్తారట.